సరంగు గారి హెలికాప్టరు తోక

ఈ లోకంలో తోక ఉన్న ప్రతి ప్రాణికీ దాన్ని ఎటు ఊపాలో నేర్పింది మా తాతయ్యే. కుక్కలు ఆయన దగ్గరే చదువుకున్నాయి. నీళ్ళలో మలుపు తిరగడం రాక చేపలు గట్టుకి గుద్దుకుంటుంటే, జాలిపడి దారి చూపించింది కూడా ఆయనే. గాలిపటాలు కట్టేవాళ్ళు ఆయన్ని అడక్కుండా తోక అతికించరు. తోకచుక్కలు మా ఇంటి మీదుగా వెళ్ళేటప్పుడు కాస్త నెమ్మదిస్తాయట, సరిగ్గానే వెళ్తున్నామా అని కనుక్కోవడానికి.

అంతటి మనిషికి మూరెడు పొడవైనా లేని తోక ఒకటి లొంగలేదు.

ఆ తోక ఒక చిన్న హెలికాప్టరుది. చిన్నదే అయినా బొమ్మ అనకూడదు, అన్నామా ఆ పూట తాతయ్య భోజనం దగ్గర ఎవరితోనూ మాట్లాడడు. పైన బ్యాటరీతో తిరిగే పెద్ద రెక్కలు, తోక చివర చిటికెన వేలంత రెక్కలు, మధ్యలో వేళ్ళు దూరని చోట వేళ్ళకి దొరకని మరలు. అది వచ్చి అమ్మమ్మ కటింగు బల్ల మీద కాపురం పెట్టింది. అమ్మమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. బల్ల పోయేసరికి ఆవిడ కత్తిరించాల్సిన గుడ్డలన్నీ మంచం మీదికి, మంచం మీది దుప్పట్లు కుర్చీల్లోకి, కుర్చీల్లో కూర్చోవాల్సిన మనుషులు గుమ్మంలోకి చేరారు.

“ఏమండీ, ఆ బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుంది?” అని అడిగేది అమ్మమ్మ.

“తోక కుదిరాక.”

“తోక ఎప్పుడు కుదురుతుంది?”

“నువ్వు బల్ల దగ్గర నిలబడి ప్రశ్నలడగడం మానేశాక.”

తాతయ్యని ఊళ్ళో అందరూ సరంగు అంటారు. నదికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి జనాన్ని దాటించే మోటారు పడవకి ఆయనే సరంగు. మీసాలు మొలిచిన దగ్గర్నుంచి మీసాలు నెరిసేదాకా అదే పని. పడవ వెనక నిలబడి, చుక్కాని పిడిని చంకలో పెట్టుకుని, ముందుకి చూస్తూ నడిపేవాడు. ఆ పిడిని కుడికి నెడితే చుక్కాని ఎడమకి పోతుంది, పడవ ముక్కు ఎడమకి తిరుగుతుంది, వెనక భాగం కుడికి జరుగుతుంది. కొత్తవాళ్ళకి ఇది ఓ పట్టాన బుర్రకెక్కేది కాదు. తాతయ్యకి మాత్రం అది ఊపిరి పీల్చుకోవడం లాంటిది. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకి ఆయన చెప్పే పాఠం ఒక్కటే. “ముక్కు సంగతి ముక్కు చూసుకుంటుంది. నువ్వు వెనక భాగాన్ని పట్టుకో. నీ చెయ్యి ఎటు పోతే అది అటు పోతుంది.”

తర్వాత నది మీద వంతెన వచ్చింది. వంతెన మీద మొదటి బస్సు నడిపింది ఎవరో కాదు, అమ్మమ్మ సొంత తమ్ముడు. బస్సు వంతెన ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా హారన్ మీద చెయ్యి తియ్యలేదు. సరిగ్గా అప్పుడు కింద నది మధ్యలో తాతయ్య పడవ ఉంది, అందులో ప్రయాణికులు ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరూ తలెత్తి బస్సు వైపు చూశారు. ఆ హారన్ని తాతయ్య ఇప్పటికీ క్షమించలేదు. పడవ ఆగిపోయాక కూడా ఆయన వంతెన మీద బస్సెక్కడు. ఎండయినా వానయినా నడిచే దాటుతాడు. ఒకడు నడుపుతుంటే వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చోవడం తన వల్ల కాదంటాడు.

“చేతికి ప్రవాహం తగలడం లేదే,” అని వాపోయేవాడు అమ్మమ్మ దగ్గర. అమ్మమ్మ బట్టలు జాడించే బకెట్టు వైపు వేలు చూపించేది.

బస్సు డ్యూటీ నుంచి రిటైరయ్యాక ఆ బావమరిదికి విమానాల పిచ్చి పట్టింది. ఊరి చివర గోడౌన్ల వెనక మైదానంలో రిమోట్‌తో చిన్న చిన్న విమానాలూ హెలికాప్టర్లూ ఎగరేసే బృందం ఒకటుంది. ఆయన మెల్లగా దానికి పెద్ద అయి కూర్చున్నాడు. ఒకసారి బలవంతం మీద తాతయ్యని కూడా తీసుకెళ్ళాడు. విమానాలు చూసి తాతయ్య ఆవలించాడు. ఆ తర్వాత ఎవరో ఒక హెలికాప్టరు లేపారు. అది నడుమెత్తున లేచి, ఎదురుగాలిలో, ఒక్క చోట నిలబడింది. గాలి తోస్తోంది, అది జరగడం లేదు. తోక సన్నగా వణుకుతోంది, ముక్కు గాలిలోకి పెట్టి అలాగే ఉంది.

తాతయ్య ఆవలింత సగంలో ఆగిపోయింది. రేవు దగ్గర వరద నీటిలో తాడు వేసేదాకా పడవని నిలబెట్టి ఉంచడం ఆయనకి తెలుసు. అచ్చం అదే. ఇంటికొచ్చి, “గాలి కూడా ప్రవాహమే కదే,” అన్నాడు. అమ్మమ్మకి ఏమీ అర్థం కాలేదు గానీ బల్లకి మూడిందని మాత్రం ఎందుకో అనిపించిందట.

మొదట దీనికంటే చిన్నది, అరచేతిలో పట్టే హెలికాప్టరుతో వంటింటి గుమ్మం నుంచి వరండా దాకా నేర్చుకున్నాడు. వానాకాలమంతా అదే పని. కర్టెన్లు చిరిగాయి, చెయ్యి కుదిరింది. ఆ తర్వాత ఎవరో వాడి వదిలేసిన ఈ పెద్దదాన్ని సంపాదించాడు. ఇలాంటి రిమోట్లలో, బొటనవేళ్ళతో నెట్టే పుల్లల్లో ఏది ఎటు నెడితే ఏది ఎటు కదలాలో మార్చుకునే చిన్న మీటలుంటాయి. తోకని తిప్పే పుల్లని తాతయ్య రెండిట్లోనూ తన చేతికి తగ్గట్టు పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకున్నానని ఎవరైనా ఊరంతా చెప్పుకుంటారా?

పెద్ద హెలికాప్టరు మైదానానికి వెళ్ళిన మొదటిసారే నేల విడిచీ విడవగానే దయ్యం పట్టినట్టు తన చుట్టూ తాను తిరిగింది. రెండోసారి ఇంకా జోరుగా తిరిగింది. తాతయ్య మోటారు ఆపేస్తే గడ్డిలో ఒరిగి, పెద్ద రెక్క ఒకటి విరుచుకుని, తోక పైకెత్తి పడుకుంది.

జనానికి దెబ్బ తగలకుండా కట్టిన వల వెనక నుంచి బావమరిది బయటికొచ్చాడు. “బావా, ఇది హెలికాప్టరా, మజ్జిగ చిలికే కవ్వమా?”

“తోక పట్టు దొరకట్లేదురా.”

“దొరక్కపోతే ఎవరి కాళ్ళో తెగుతాయి. జనం పిల్లలతో వస్తారిక్కడికి. ఇదిగో, నువ్వు మా అక్క మొగుడివని చెప్పి నేను కళ్ళు మూసుకోలేను. వచ్చే ఆదివారం ఆఖరు. మూడోసారి తిరిగిందంటే నీ యంత్రం అలమారలో ఉండాలి, నువ్వు ఆ బెంచీ మీద ఉండాలి.”

ఆ బెంచీ మైదానం పక్కన ఉంటుంది. ఎగరెయ్యడం రానివాళ్ళు, చేతకానివాళ్ళు, చూసిపోదామని వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. తాతయ్య దాని వైపు ఒకసారి చూశాడు. వెన్ను ఆన్చుకోవడానికి పలకా, మీద రేకు కప్పూ ఉన్నాయి. అచ్చం బస్సులో సీటులా ఉంది.

ఇక ఆ వారం మా ఇంట్లో తోక తప్ప వేరే మాట లేదు.

దాని గొడవేమిటో కాస్త చెప్పాలి. పైన పెద్ద రెక్కలు ఒక వైపు తిరుగుతుంటే, కింద ఒళ్ళంతా రెండో వైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే తోక చివర చిన్న రెక్కలు. ఆ రెక్కల వాలు మార్చేది సర్వో అనే బొటనవేలంత మోటారు. ఒక సన్నని కడ్డీ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగుతూ ఉంటుంది. ఎప్పుడు ఎంత లాగాలో దానికి చెప్పేది గైరో, అగ్గిపెట్టెలో సగం ఉండే పెట్టె. తోక పక్కకి జారబోతోందని మనిషి కంటికి తెలిసేలోపే దానికి తెలిసిపోతుంది. మనకి పని లేకుండా అదే సరిచేస్తుంది. సరిచేస్తుందని చెప్పే అమ్ముతారు.

గైరో పక్కన, గోటితో జరపాల్సిన మీట ఒకటుంది. ఒక వైపు ఉంచితే జారే తోకని వెనక్కి లాగుతుంది. రెండో వైపు ఉంచితే జారే తోకని ఇంకా తోస్తుంది. ఏది ఎటన్నది ఆ యంత్రంలో సర్వోని ఏ వైపు బిగించారన్న దాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మీట మీద ఏమీ రాసి ఉండదు. అందుకని బావమరిది మైదానంలో అందరికీ ఒక పరీక్ష నేర్పుతాడు. పుల్ల కుడికి నెట్టి కడ్డీ ఎటు వెళ్ళిందో చూసుకోవాలి. తర్వాత పుల్ల వదిలేసి, హెలికాప్టరు ముక్కుని చేత్తో ఎడమకి తిప్పాలి. కడ్డీ మళ్ళీ అటే వెళ్తే మీట సరిగ్గా ఉన్నట్టు. వెళ్ళకపోతే మీట జరపాలి. ఇంతవరకూ ఎవరి దగ్గరా తప్పని పరీక్ష.

తాతయ్య ఆ పరీక్ష మొదటి రోజే చేశాడు. రెండో రోజూ చేశాడు. రెండుసార్లూ మీట సరిగ్గానే ఉందని తేలింది. అందుకని దాన్నొక్కదాన్ని వదిలేసి మిగతా అన్నిటినీ మార్చడం మొదలుపెట్టాడు.

సర్వో చెయ్యి కడ్డీకి మూలమట్టం పెట్టినట్టు నిటారుగా నిలబడాలి. దాని పళ్ళు ఎలా కోశారో గానీ, ఒక పన్ను ఇటు వేస్తే ముందుకి వాలుతుంది, ఒక పన్ను అటు వేస్తే వెనక్కి వాలుతుంది, మధ్యలో పన్ను లేదు. తాతయ్య దాన్ని తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి కడ్డీ పొడవు తగ్గించి సర్దాడు. కడ్డీ చివరి కీలు బిగుతుగా ఉందని సన్నటి ఉప్పుకాగితంతో రుద్దాడు, రుద్దాక వదులైందని కొత్తది వేశాడు. గైరోని అంటించిన రెండు వైపులా జిగురుండే టేపు పీకి మళ్ళీ అంటించాడు. టేపు తీసేటప్పుడు గైరోకి బదులు ఆయన బొటనవేలి చర్మం ఊడొచ్చింది. గైరో చురుకుదనం తగ్గించాడు, పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. ఒక మర కింద పడింది. దాని కోసం నేల మీద పాకి, బల్ల కింద తల కొట్టుకుని, అక్కడే కాసేపు కూర్చుండిపోయాడు. ఆ మర మర్నాడు ఒక చొక్కా జేబులో బయటపడింది. అమ్మమ్మ దాన్ని కూడా కలిపి కుట్టేసింది.

“కుట్టు విప్పు,” అన్నాడు తాతయ్య.

“చొక్కా విప్పమంటారా? వాళ్ళు సాయంత్రం వస్తారు పట్టుకెళ్ళడానికి.”

“నా మర లేకుండా తోక నిలవదే.”

“మీ తోక మరలు నా జేబుల్లో రాలితే నేనేం చెయ్యను? రేపటి నుంచి మీరు గుమ్మం బయట కూర్చుని బిగించుకోండి.”

“గాలికి మరలు పోతాయి.”

“ఇక్కడ గాలి లేకుండానే పోతున్నాయి కదా.”

వారం మధ్యలో బావమరిది స్వయంగా వచ్చాడు. కూర్చోవడానికి కుర్చీ వెతికి, దుప్పట్లు చూసి, నిలబడ్డాడు.

“అక్కా, ఇంటికొచ్చినవాడికి చోటు కూడా లేదా?”

“నన్నెందుకురా అడుగుతావు? మైదానానికి పెద్దవి, మీ బావకి ఆ పిచ్చి అంటించింది నువ్వు. నిలబడు.”

బావమరిది నిలబడే పరీక్ష చేయించాడు. “బావా, పుల్ల కుడికి నెట్టు. ఊ. కడ్డీ ముందుకి పోయింది. వదిలెయ్. ఇప్పుడు ముక్కు ఎడమకి తిప్పు. చూశావా? మళ్ళీ ముందుకే పోయింది. మీట బ్రహ్మాండంగా ఉంది.”

“ఉంది కదా. మరెందుకు తిరుగుతోందిరా?”

“నువ్వు కంగారుపడి ఏదో చేసేస్తున్నావు.”

“నేనా కంగారుపడేది? వరదలో పెళ్ళివాళ్ళని దాటించానురా నేను.”

“వరద వేరు, గాలి వేరు. నీటికి తెలిసినట్టు గాలికి నువ్వు సరంగువని తెలియదు కదా.” అని ఓ నవ్వు నవ్వి, గడప దాటుతూ, “బెంచీ తుడిపించి ఉంచుతాలే,” అని వెళ్ళిపోయాడు.

తాతయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరు పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మమ్మ కాఫీ తెచ్చి పెడితే అందులో స్క్రూడ్రైవరు పెట్టి కలిపాడు. అదే తాగాడు కూడా.

ఉన్నట్టుండి లేచాడు. “ఏమే, ఇలా రా. ఈ స్టూలు మీద కూర్చో.”

అమ్మమ్మ మిషను దగ్గర వాడే స్టూలు అది. గుండ్రంగా తిరుగుతుంది.

“ఎందుకు?”

“తోక వెనక నిలబడి చూడాలి నేను. యంత్రాన్ని నేనే పట్టుకుని తిప్పితే తోక నాతోపాటు తిరిగిపోతోంది, సరిగ్గా కనిపించట్లేదు. స్టూలు మీద పెడితే జారిపోతోంది. దానికి బరువు కావాలి.”

“ఇంట్లో బరువైనదాన్ని నేనన్నమాట.”

తాతయ్య ఒప్పుకోలేదు, కాదనలేదు. పెద్ద మోటారు తీగలు పీకేసి, గైరో, సర్వో మాత్రం పనిచేసేలా ఉంచాడు. హెలికాప్టరుని అమ్మమ్మ భుజం మీద పెట్టి, ముక్కు ముందుకీ తోక వీపు వైపుకీ ఉండేలా పట్టుకోమన్నాడు. తను ఆవిడ వెనక, పడవలో నిలబడ్డట్టు, కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. స్టూలు అంచు పట్టుకుని మెల్లగా తిప్పాడు. తోక కుడికి జారింది. సర్వో కీచుమంది. తోక రెక్కలు వాలాయి.

ఆ రెక్కలు ఎటు తిరుగుతాయో ఆయనకి తెలుసు. ఆ వాలుతో తిరిగితే గాలిని తెడ్డులా ఎటు నెడతాయో, అప్పుడు తోక ఎటు పోతుందో మనసులో వేసి చూసుకున్నాడు.

“ఇది కుడికే తోస్తోంది,” అన్నాడు.

“ఏది?”

“తోక కుడికి జారుతుంటే ఈ రెక్క దాన్ని ఇంకా కుడికే తోస్తోంది. పోయేవాణ్ణి పొమ్మని వెనక నుంచి తన్నినట్టు. ఇదేం తెడ్డు? ఉండు, ఇంకోసారి.”

“ఇంకోసారి తిప్పితే నేను తిన్నదంతా మీ యంత్రం మీదే పడుతుంది. తర్వాత మీ ఇష్టం.”

ఆయన ఇంకోసారి తిప్పాడు. ఎడమకి, మళ్ళీ కుడికి. అమ్మమ్మ కళ్ళు మూసుకుని పళ్ళ బిగువున ఏదో గొణిగింది. సందేహం లేదు. తాతయ్య గోటితో గైరో మీట జరిపాడు. మళ్ళీ తిప్పాడు. ఈసారి తోక జారిన వైపుకి ఎదురుగా వాలాయి రెక్కలు. మంచి సరంగు చెయ్యి వేసినట్టే వాలాయి.

కానీ బావమరిది పరీక్ష చేసి చూస్తే తప్పింది. పుల్ల కుడికి నెడితే కడ్డీ ముందుకి, ముక్కు ఎడమకి తిప్పితే కడ్డీ వెనక్కి.

“కన్ను ఒకటి చెబుతోంది, పరీక్ష ఒకటి చెబుతోంది,” అన్నాడు తాతయ్య, బల్లకి చేరగిలబడి. “ఊళ్ళో అందరి హెలికాప్టర్లకీ పనికొచ్చే పరీక్ష నాకే ఎందుకు పనికిరాదు? నా కన్నే తప్పయితే ఆదివారంతో బెంచీయే గతి.”

అమ్మమ్మ స్టూలు దిగి, గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడకి ఇల్లింకా తిరుగుతూనే ఉంది.

“పడవని ఎవరిని అడిగి తిప్పేవారు?”

“ఎవరినీ అడగలేదు.”

“అయితే దీన్నీ అలాగే తిప్పి, నా బల్ల నాకిచ్చెయ్యండి.”

ఆదివారం పొద్దున మైదానంలో అడ్డగాలి వీస్తోంది. అందరూ తమ తమ విమానాలు పక్కన పెట్టి చూడ్డానికి వచ్చారు. సరంగు హెలికాప్టరు తిరుగుతుంటే చూడ్డం వాళ్ళకి అలవాటైపోయింది. బావమరిది వచ్చి పరీక్ష చేశాడు. నుదురు ముడిపడింది. మళ్ళీ చేశాడు.

“బావా, మీట తప్పుగా ఉంది.”

“ఉండనీ.”

“ఉండనీ ఏంటి? జరుపు.”

“జరపను.”

“మొన్న మీ ఇంట్లో సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టింది ఎవరు?”

“నేనే.”

బావమరిది చుట్టూ ఉన్నవాళ్ళ వైపు, వినండర్రా అన్నట్టు చూశాడు. “పరీక్ష తప్పిన యంత్రాన్ని ఎగరెయ్యకూడదని ఇక్కడ రూలు.”

“ఎవరు పెట్టారు?”

“నేను పెట్టాను.”

“అయితే నువ్వే తియ్యి, ఒక్క పూటకి. పరీక్ష నెగ్గినప్పుడు రెండుసార్లు తిరిగింది కదరా. తప్పాక ఏం చేస్తుందో చూద్దాం.”

ఆ మాటకి వెనక ఎవరో నవ్వారు. బావమరిది ముఖం ఎర్రబడింది. “సరే, ఎగరెయ్. నాకేం? రూలు మాత్రం గుర్తుపెట్టుకో. మూడోసారి దీన్ని తిప్పినవాడు నేను చెప్పక్కర్లేకుండా వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోవాలి.”

“కూర్చుంటాడు,” అన్నాడు తాతయ్య.

జనం వల వెనక్కి వెళ్ళారు. తాతయ్య కాళ్ళు ఎడం చేసి నిలబడ్డాడు. బావమరిది ఆయన ఎడమ పక్క నిలబడ్డాడు. పెద్ద రెక్కలు ముందు బద్ధకంగా, తర్వాత కోపంగా తిరిగాయి. గడ్డి పడుకుంది. తాతయ్య అరచేతులు చెమట పట్టాయి. వరదలో కూడా అలా పట్టేవి కావు. ఆయన వేలు పైకి కదిలింది.

హెలికాప్టరు నేల విడిచింది. మోకాలెత్తు లేచింది. తోక ఒకసారి జంకినట్టు కదిలి, ఆగింది. నడుమెత్తు లేచింది. అడ్డగాలి ఒక్క విసురు విసిరింది. సర్వో కడ్డీని గబగబా లాగి వదిలింది. ముక్కు ఎక్కడిదక్కడే ఉంది.

తాతయ్య మెల్లగా దాని ముక్కుని గాలిలోకి తిప్పాడు, ఒకప్పుడు రేవు దగ్గర తిప్పినట్టు. అలా ఉంచాడు. తోసే గాలి బొటనవేలికి తెలుస్తోంది. ఆ వేలి కింద బలంగా, బరువుగా, ఎడతెగకుండా ఏదో పారుతోంది. వంతెన వచ్చాక ఇన్నాళ్ళకి ఆ చేతికి మళ్ళీ పని దొరికింది. కాసేపయ్యాక మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి దాన్ని దాటించి, మళ్ళీ తీసుకొచ్చి, ఎక్కినవాళ్ళు తూలకుండా దిగేలా నేలకి ఆనించాడు.

“ఏదీ, ఇటివ్వు,” అన్నాడు బావమరిది. “కొత్త యంత్రం మీద నేనోసారి చెయ్యి వేస్తే గానీ పాసయినట్టు కాదు.”

తాతయ్య రిమోట్ ఇచ్చాడు. బావమరిది చక్కగా లేపాడు. గైరో పట్టుకుని ఉంది కాబట్టి తోక కుదురుగానే ఉంది. ఆయన ముక్కుని కుడికి తిప్పుదామని పుల్ల కుడికి నెట్టాడు. ముక్కు ఎడమకి పోయింది. జీవితమంతా బస్సు స్టీరింగు పట్టిన చేతులు అవి. బస్సు ఎడమకి లాగేస్తుంటే ఏం చేస్తారో అదే చేశాడు, ఇంకా కుడికి నెట్టాడు. అది ఇంకా ఎడమకి పోయింది. పూర్తిగా కుడికి నెట్టి పట్టుకున్నాడు.

హెలికాప్టరు గిర్రున తిరిగింది. మూడోసారి. తోక ముందుగా నేలకి కొట్టుకుని, వంగి, చిన్న రెక్కలు రెండూ ఎటో పోయి, ఒరిగింది.

“నేను కుడికి తిప్పాను,” అన్నాడు బావమరిది. “అది ఎడమకి పోయింది.”

“కుడికి నెడితే ఎడమకి కాక ఎటు పోతుంది?” అన్నాడు తాతయ్య. నిజంగానే ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు.

“బావా, పుల్ల కుడికి నెడితే ముక్కు కుడికి రావాలి.”

“ఎవరు చెప్పారు?”

“లోకమంతా చెప్పింది.”

“నాకు చెప్పలేదు. కుడికి నెడితే వెనక భాగం కుడికి పోవాలి, ముక్కు ఎడమకి రావాలి. పడవ అంటే అంతే కదరా.”

“ఇది పడవా?”

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. బావమరిది పరీక్షలో పుల్ల కుడికి అంటే ముక్కు కుడికి అని లెక్క. తాతయ్య పుల్ల దానికి సరిగ్గా తిరగేసి ఉంది. పరీక్ష మంచిదే, తాతయ్య చెయ్యీ మంచిదే. ఆ రెండూ కలిసినప్పుడల్లా గైరో మీట తప్పు వైపు పడుతూ వచ్చింది.

“ఆ ముక్క మొదటి రోజే చెప్పొచ్చు కదా, మహానుభావా.”

“స్టీరింగు ఎటు తిప్పితే బస్సు ఎటు పోతుందో నువ్వెప్పుడైనా నాకు చెప్పావా?”

“అది ఊళ్ళో అందరికీ తెలుసు.”

“నేనెక్కలేదు కదరా నీ బస్సు.”

బావమరిది ఒకసారి ఆకాశంలోకి చూశాడు. “సరే. ఇంటికెళ్ళి పుల్ల అందరిలా మార్చుకో.”

“మార్చను.”

“మార్చకపోతే ఇక్కడ...” అని ఆగాడు. తాతయ్య బెంచీ వైపు చూస్తున్నాడు. తర్వాత విరిగిన తోక వైపు చూశాడు. తర్వాత బావమరిది చేతిలో రిమోట్ వైపు. వల వెనక ఉన్నవాళ్ళు కూడా అదే వరసలో చూశారు.

మూడోసారి తిప్పినవాడు, చెప్పక్కర్లేకుండా, వెళ్ళి కూర్చోవాలి. బావమరిది పెట్టిన రూళ్ళన్నీ అంత పక్కాగానే ఉంటాయి. ఆయన రిమోట్ తాతయ్య చేతిలో పెట్టి, ఎవరినీ చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి, రేకు కప్పు కింద కూర్చున్నాడు. తాతయ్య రాలిన ముక్కలన్నీ ఏరుకుని, కాసేపటికి తనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. కాళ్ళు నొప్పెట్టి కూర్చున్నానంటాడు.

విరిగిన తోక పట్టుకుని ఇద్దరూ ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది.

“ఎవరు విరిచారు?” అంది, గీత మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

బావమరిది తలొంచుకున్నాడు.

“అయితే వాడింట్లోనే బాగవ్వాలి. వాడికి భోజనం బల్ల ఉంది. ఈ ఇంట్లోకి తోక లేకుండా వస్తే రండి, లేదా గుమ్మంలోంచే వెళ్ళండి.”

అలా ఆ హెలికాప్టరు బావమరిది ఇంటికి కాపురం మార్చింది. తోక బాగవడానికి ఎన్నాళ్ళు పట్టిందో గానీ, ఆ బల్ల మీద భోజనం లేక బావమరిది చాలా పూటలు అక్క దగ్గరే తిన్నాడు. అమ్మమ్మ ఒక ఎర్ర గుడ్డ పీలిక కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, తాతయ్య రిమోట్ పిడికి చుట్టింది. దాని మీద సరంగు తప్ప ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నది మైదానంలో ఇప్పుడు రూలు. అదీ బావమరిదే పెట్టాడు. తాతయ్య ప్రతి ఆదివారం వెళ్ళి, గాలి ఎక్కువగా ఉన్నప్పుడు చూసి మరీ, దాన్ని ఒక్క చోట నిలబెట్టి వస్తాడు. వంతెన మీద మాత్రం ఇంకా నడిచే దాటుతున్నాడు.

ఇదంతా రాసి ఆయనకి చదివి వినిపించాను. కుక్కల దగ్గర నవ్వలేదు. తోకచుక్కల దగ్గర కూడా నవ్వలేదు. అంతా విన్నాక, చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టకుండానే అన్నాడు:

“వాడు నా ఎడమ పక్క నిలబడ్డాడని రాశావు. కుడి పక్క. బడి మానేస్తే మానేశావు గానీ, కుడీ ఎడమా నేర్చుకున్నాక మానాల్సింది.”